చెప్పకుండా వచ్చే వాగు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి సముద్రం చూడాలంటే వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. అయినా మన వరదలు పుట్టేది అక్కడే. ఆషాఢ శ్రావణాల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వస్తే కోనసీమలో పడవలు ఒడ్డుకు చేరుతాయి. అదే అల్పపీడనం ఒడిశా దాటి, ఛత్తీస్‌గఢ్ మీదుగా విదర్భ దిక్కు నడిచిందంటే, రెండు మూడు రోజుల్లో ఆదిలాబాద్ గుట్టల మీద ముసురు పడుతుంది. పెన్‌గంగ, వార్ధా, వైన్‌గంగ నిండి ప్రాణహితగా దిగుతాయి. కాళేశ్వరం దగ్గర గోదావరితో కలుస్తాయి. ఆ నీళ్ళే భద్రాచలం దాటి, ధవళేశ్వరం దాటి, లంక గ్రామాలను ముంచి, తిరిగి అదే సముద్రంలో పడతాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా పారిన నీళ్ళలో మన కడెం, మన ప్రాణహిత నీళ్ళు ఉన్నాయి.

వాతావరణం మారుతోంది, సముద్రం వేడెక్కుతోంది, తీరప్రాంతాలకు ముప్పు పెరుగుతోంది అని విన్నప్పుడు అది మచిలీపట్నం వాళ్ళ సంగతి, కాకినాడ వాళ్ళ సంగతి అనుకుంటాం. మంచిర్యాల సంగతి కూడా అదే, మంథని సంగతి కూడా అదే. వేడెక్కిన సముద్రం నుంచి లేచిన ఆవిరి వానై కురిసే దారిలో మనం ఉన్నాం. అయితే మన ముప్పుకు ఒక ప్రత్యేకత ఉంది. ఈ ప్రసంగంలో ముఖ్యంగా దాని గురించే చెప్పాలనుకుంటున్నాను. గోదావరి చెప్పి వస్తుంది. వాగు చెప్పకుండా వస్తుంది.

గోదావరి మీద కేంద్ర జలసంఘం వాళ్ళ కొలతలున్నాయి. మంచిర్యాలలో, కాళేశ్వరంలో నీటిమట్టం గంటగంటకూ చూస్తారు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని అక్కడి చిన్నపిల్లలు కూడా చెప్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చిన వరదను, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చిన వరదను జనం అడుగుల లెక్కలో గుర్తు పెట్టుకున్నారు. ఎగువన వాన పడిన తర్వాత దిగువకు నీళ్ళు రావడానికి గంటల కొద్దీ, ఒక్కోసారి రోజుల వ్యవధి ఉంటుంది. నష్టం ఆగదు గానీ ప్రాణం కాపాడుకునే వ్యవధి దొరుకుతుంది. మరి నిర్మల్ స్వర్ణవాగుకు ఏ హెచ్చరిక ఉంది? మంచిర్యాల రాళ్ళవాగుకు? దహెగాం పెద్దవాగుకు? భూపాలపల్లి మోరంచవాగుకు? మన దగ్గర రాత్రికి రాత్రి ఊళ్ళోకి వచ్చినవి ఇవే.

కడెం సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం. నేరడిగొండ దగ్గర కుంతాల జలపాతం చూసినవాళ్ళు చాలామంది ఉంటారు. అక్కడ రాళ్ళ మీంచి దూకేది కడెం వాగే. గుట్టల్లో పుట్టి, అడవిలో నడిచి, ఏటవాలుగా దిగుతుంది కాబట్టి దానికి వేగం ఎక్కువ. దాని మీద కట్టిన ప్రాజెక్టు 7.6 టీఎంసీలది. దాని కింద 68 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. జన్నారం, దండేపల్లి, లక్షెట్టిపేట దాకా పొలాలకు అదే ఆధారం. 1958లో ఇంకా కడుతుండగానే వరద కట్ట మీదుగా పారి దాన్ని దెబ్బతీసింది. ఆ అనుభవంతో తర్వాత గేట్లు పెంచారు, ఇప్పుడు 18 ఉన్నాయి. 1995లో మళ్ళీ గండి పడింది. అంటే ఈ వాగు తన బలం ఎంతో మనకు ముందే రెండుసార్లు చూపించింది.

2022 జూలై 13. పునర్వసు కార్తె, వారం రోజులుగా ఎడతెగని ముసురు. ఆ రాత్రి కడెంలోకి 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా కిందికి వదలగలిగేది 3 లక్షలు. అందులోనూ ఒక గేటు లేవలేదు. ఎగువ అడవిలోంచి కొట్టుకొచ్చిన చెట్ల మొద్దులు, చెత్త గేట్లకు అడ్డం పడ్డాయి. నీళ్ళు గేట్ల మీదుగా, కట్ట మీదుగా పొర్లాయి. దిగువ ఊళ్ళను ఆ రాత్రే ఖాళీ చేయించారు. చివరికి ఎడమవైపు గండి పడి నీళ్ళు ఆ దారిన పోవడంతో అసలు కట్ట నిలిచింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 5 లక్షల క్యూసెక్కులు వస్తుంటే, చుక్క నీరు లేని కడెం జలాశయం కూడా నాలుగుంపావు గంటల్లో నిండిపోతుంది. వచ్చేది 5 లక్షలు, పోయేది 3 లక్షలు అయితే, మిగిలిన 2 లక్షల క్యూసెక్కులు దాదాపు గంటా ఇరవై నిమిషాలకు ఒక టీఎంసీ చొప్పున పేరుకుంటాయి. జలాశయం అప్పటికే నిండి ఉంటే ఆ టీఎంసీకి చోటెక్కడ? శ్రీరాంసాగర్ లాంటి పెద్ద జలాశయంలో ఇంజనీర్లకు ఆలోచించుకోవడానికి ఒక పూట దొరుకుతుంది. కడెంలో ఆ పూట దొరకదు. ముందు రోజే కొంత ఖాళీ చేసి పెట్టుకోవాలి. ఖాళీ చేస్తే, ఆ తర్వాత వాన రాకపోతే, ఆయకట్టు రైతు ఊరుకోడు. అతని కోపంలో న్యాయం ఉంది. ఈ రెండింటి మధ్య అర్ధరాత్రి నిర్ణయం తీసుకోవాల్సిన ఉద్యోగి చేతిలో ఎగువన ఎక్కడ ఎంత వాన పడుతోందో చెప్పే నికరమైన కొలత ఉండాలి. బోథ్‌లో, ఇచ్చోడలో, నేరడిగొండలో పడుతున్న వాన లెక్క పదిహేను నిమిషాలకోసారి కడెం గేట్ల దగ్గరికి చేరితే, ఆ నిర్ణయం రెండు మూడు గంటల ముందుకు జరుగుతుంది. ఆ రెండు మూడు గంటలే దిగువ ఊరికి ప్రాణాధారం.

ఏడాది తిరిగింది. 2023 జూలై 27. మళ్ళీ కడెం నిండింది. ఈసారి నాలుగు గేట్లు మొరాయించాయి. మళ్ళీ గేట్ల మీదుగా నీళ్ళు దూకాయి, మళ్ళీ కింది ఊళ్ళవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని కట్టుబట్టలతో బయటికొచ్చారు. మొదటి ఏడాది వచ్చినదాన్ని ప్రకృతి విపత్తు అందాం. రెండో ఏడాది లేవని గేట్లను మాత్రం నేను ప్రకృతి ఖాతాలో రాయను. గేటు లేవడానికి కావలసినవి గ్రీజు, ఇనుప తాడు, మోటారు, కరెంటు పోతే జనరేటరు, అది నడిపే మనిషి. ఏటా మే నెలలో ప్రతి గేటునూ పూర్తిగా ఎత్తి, దించి చూసే పనికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. ఆ తర్వాత మరమ్మతులు జరిగాయి. కానీ మరమ్మతు ఒక ఏడాది పని కాదు. ప్రాజెక్టుల మీద పనిచేసే లస్కర్ల పోస్టులు ఖాళీ అయినప్పుడల్లా నింపుతూ ఉంటేనే అది ఏటేటా సాగుతుంది.

2023లో అదే రోజు తెల్లవారకముందు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. జనం నిద్రలో ఉండగానే మోరంచవాగు ఇళ్ళలోకి వచ్చింది. వీలు దొరికినవాళ్ళు మిద్దెలెక్కారు, చెట్లెక్కారు. హెలికాప్టర్లు వచ్చి, పడవలు వచ్చి ఊరిని బయటికి తెచ్చాయి. నలుగురు కొట్టుకుపోయారు. కొట్టాల్లో పలుపులతో కట్టేసి ఉన్న పశువులు ఉన్నచోటే చచ్చిపోయాయి. ఆ ఊరు అడవి మధ్యలో ఉన్నది కాదు, జాతీయ రహదారి పక్కనే ఉంది. ఫోన్లున్నాయి, కరెంటుంది, టీవీలున్నాయి. వాగు ఎగువన పెరుగుతోందని ఆ ఇళ్ళకు అర్ధరాత్రి చెప్పగలిగిన ఏర్పాటు ఒక్కటే లేదు.

ఆ రోజే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన కురిసింది. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013లో వాజేడులో పడిన 51.75 సెంటీమీటర్లు. 65 సెంటీమీటర్లంటే ఒక్క ఎకరం మీద 26 లక్షల లీటర్ల నీళ్ళు. ఆ ప్రాంతంలో ఏడాదంతా పడే వానలో దాదాపు సగం ఒక్క రోజులో పడిందన్నమాట. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదని భౌతికశాస్త్రం చెప్తుంది. పట్టుకున్నదాన్ని వదిలేటప్పుడు ఒక్కసారే వదులుతుంది. మన రైతుకు ఇది అంకెల్లో చెప్పనక్కర్లేదు. మృగశిరకు దుక్కి దున్ని, పత్తి గింజ పెట్టి, ఇరవై రోజులు మొగులు దిక్కు చూసి, మొలిచిన మొలకలు ఎండుతుంటే బిందెలతో నీళ్ళు పోసి బతికించి, ఆ తర్వాత ఒకే రాత్రి చేనంతా చెరువైపోవడం అతను చూస్తున్నాడు. ఏడాది మొత్తం వాన లెక్క చూస్తే సాధారణమే అని వస్తుంది. ఆ లెక్కలో అటు ఎద్దడి, ఇటు ముంపు రెండూ కనిపించకుండా పోతాయి.

పాత ప్రాజెక్టులు, పాత వంతెనలు, పాత మత్తళ్ళు అన్నీ పాత వానల లెక్కతో కట్టినవి. ఇంత వాన వందేళ్ళకోసారి వస్తుందని ఒకప్పుడు అనుకున్నారు. వరుసగా రెండేళ్ళు అలాంటి వాన చూశాక ఆ లెక్కలు తిరగరాసుకోవాలి. ఇది ఇంజనీర్ల పని, వాళ్ళే చేయాలి. కానీ మన జిల్లాల్లో జరిగిన మునకల్లో చాలావాటికి వాన ఒక్కటే కారణం కాదని చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది.

మంచిర్యాల చూడండి. ఎల్లంపల్లి ప్రాజెక్టుకు కొద్ది దూరం దిగువన ఉన్న పట్టణం. 62 గేట్ల ప్రాజెక్టు నుంచి లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు గోదావరి ఎత్తు పెరుగుతుంది. ఊళ్ళోంచి వచ్చి నదిలో కలవాల్సిన రాళ్ళవాగుకు దారి దొరకదు. నది నీరు వాగులోకి ఎదురెక్కుతుంది. 2022 జూలైలో ఎన్టీఆర్ నగర్, రాంనగర్ ఇలాగే మునిగాయి. వాటితో పాటు గోదావరి ఒడ్డున కట్టిన మాతాశిశు ఆస్పత్రిలోకి నీళ్ళొచ్చాయి. పచ్చి బాలింతలను, రోజుల పిల్లలను అంబులెన్సుల్లో వేరే ఆస్పత్రికి తరలించాల్సి వచ్చింది. ఆ ఆస్పత్రిని నది ఒడ్డున కట్టాలని గోదావరి చెప్పలేదు. ఒక కాగితం మీద ఒక సంతకం పడింది, అంతే. ముంపు రేఖ ఎక్కడిదాకా ఉందో జిల్లాలో వందలమందికి తెలుసు. చాకలిరేవులో బట్టలుతికేవాళ్ళకు తెలుసు, జాలర్లకు తెలుసు, 1986 వరద చూసిన ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళను ఎవరూ అడగలేదు.

మంథనిలోనూ అంతే, గోదావరి పెరిగితే బొక్కలవాగు ఊళ్ళోకి ఎదురొస్తుంది. చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి మండలాల రైతులు కాళేశ్వరం బరాజులు కట్టినప్పటి నుంచి వెనుక జలాల కింద చేలు మునుగుతున్నాయని మొర పెట్టుకుంటూ వచ్చారు. ఒక్కసారి మునిగి తేలితే ఆ నష్టం ఆ ఏడాదితో పోతుంది. ఇసుక మేట వేస్తే అలా కాదు, దాన్ని ఎత్తిపోసి మళ్ళీ నల్లమట్టి తేల్చడానికి ఏళ్ళు పడుతుంది. కేంద్ర పంటల బీమా పథకం నుంచి రాష్ట్రం 2020లో బయటికొచ్చింది. ఆ తర్వాత వచ్చిన 2022, 2023 వరదలకు ఈ రైతుల చేతిలో బీమా అనేది లేదు. కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు పాస్‌బుక్ అడుగుతారు. పాస్‌బుక్ ఉన్నది పట్టణంలో ఉంటున్న భూయజమాని దగ్గర. గింజ కొన్నది, మందు కొట్టింది, అప్పు తెచ్చింది కౌలుదారు. బరాజు కట్టి ముంపు తెచ్చిపెట్టిన ప్రభుత్వమే ఆ చేనులో నిలబడి పంట ఎవరిదని అడిగి, వాళ్ళ పేరే రాయాలి. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, ఆ మండలాల్లో ఎవరినడిగినా ఇదే మాట వినిపిస్తుంది.

ఇక పట్టణాల్లో చెరువులు. మన పూర్వులు చెరువులను ఒంటరిగా కట్టలేదు, గొలుసుగా కట్టారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి, అక్కడి నుంచి మరో దానిలోకి, చివరికి వాగులోకి. నిర్మల్ అలాంటి గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగిన ఊరు. చెరువు శిఖం భూమిలో ప్లాట్లు పడ్డాయి, మత్తడి కాలువ మీద స్లాబులు పడ్డాయి. 2021 జూలై 22న స్వర్ణవాగు నీళ్ళు జీఎన్ఆర్ కాలనీని ముంచెత్తినప్పుడు ఇళ్ళలోంచి జనాన్ని పడవల మీద తీసుకొచ్చారు. 2023లో మళ్ళీ అదే కాలనీ. అప్పు చేసి, ఉన్నదంతా పెట్టి ఇల్లు కొనుక్కున్నవాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళకు ఆ స్థలం చూపించినవాళ్ళు, అనుమతి ఇచ్చినవాళ్ళు జవాబు చెప్పాలి.

2021లోనే సెప్టెంబర్ 7న సిరిసిల్ల. కొత్త చెరువు పొంగి, పట్నం రోడ్లు వాగులయ్యాయి. సిరిసిల్లలో మునక అంటే ఏమిటో ఆ ఊరు తెలియనివాళ్ళకు చెప్పాలి. అక్కడ నేతన్న ఇల్లు, కార్ఖానా చాలాచోట్ల పక్కపక్కనే ఉంటాయి. సాంచాలు, అంటే మరమగ్గాలు, నేల మీద బిగించి ఉంటాయి, మోటారు కిందనే ఉంటుంది. మోకాలి లోతు నీరు వస్తే మోటారు కాలిపోతుంది, పడుగు చుట్టిన భీము తడిసి మరకలు పడుతుంది, కింద పెట్టిన నూలు బస్తాలు పనికిరాకుండా పోతాయి. ఆ బట్ట నేతన్నది కాదు, పని ఇచ్చే ఆసామిది. దాని నూలు ఆసామి సేటు దగ్గర తెచ్చింది. పని ఆగినన్ని రోజులు కూలి లేదు. ఇంట్లోకి వచ్చిన నీళ్ళు రెండు రోజుల్లో తగ్గుతాయి, ఈ బాకీలు తెగడానికి మాత్రం నెలలు పడతాయి. వరద నష్టం అంచనా వేసేటప్పుడు కూలిన ఇళ్ళు, మునిగిన ఎకరాలు లెక్కిస్తారు. తడిసిన భీములను కూడా లెక్కించాలి.

పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలకు పైబడిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, చిన్న చెరువుల చుట్టూ 9 మీటర్లు ఖాళీగా వదలాలని భవన నిర్మాణ నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది. నదులకు మునిసిపాలిటీ హద్దుల్లో 50 మీటర్లు వదలాలి. మీరు ప్లాటు కొనబోతుంటే, బేరం మాట్లాడే ముందు ఒకసారి ఆ ఊళ్ళో ముసలివాళ్ళను అడగండి: ఈ జాగాలో వానాకాలం నీళ్ళు నిలిచేవా అని. భూమి రికార్డులో కనిపించనిది వాళ్ళ నోట వస్తుంది.

నీటికి చోటు వదలడంలో నెదర్లాండ్స్ అనుభవం చూడండి. ఆ దేశం సగం సముద్రమట్టానికి దగ్గరగానో, దిగువనో ఉంటుంది. వందల ఏళ్ళుగా వాళ్ళు కట్టలు ఎత్తు పెంచుతూ బతికారు. 1995లో నదులు పొంగినప్పుడు రెండున్నర లక్షలమందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. అప్పుడు వాళ్ళ ఆలోచన మారింది. ముప్పైకి పైగా చోట్ల నదికి చోటు పెంచారు, కొన్నిచోట్ల కట్టలను వెనక్కి జరిపి నది పక్కన నేలను నదికే వదిలిపెట్టారు. నైమేఘన్ పట్టణం దగ్గర కట్టను వెనక్కి జరపడానికి ఇళ్ళు కూడా తీసేశారు, ఆ ఇళ్ళవాళ్ళకు పరిహారం ఇచ్చి. డబ్బున్న దేశం కాబట్టి చేసిందని అనొచ్చు. కానీ మన గొలుసుకట్టు చెరువులు ఆ పనే చేసేవి. నీటికి ఆగే చోటు ఇచ్చేవి. 2015 నుంచి మిషన్ కాకతీయలో వేల చెరువుల పూడిక తీశారు. కట్టలు బలపడ్డాయి, తూములు బాగయ్యాయి. చెరువుకు చెరువుకు మధ్య ఉన్న కాలువ మీద ఇళ్ళు లేచినచోట, బాగైన చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళు ఎటు పోవాలి? ఊళ్ళోకే వస్తాయి.

హెచ్చరిక విషయంలో మనం సముద్రతీరం నుంచే నేర్చుకోవాలి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది పోయారు. ఆ దెబ్బ తర్వాత కోస్తాలో తుఫాను ఆశ్రయాలు కట్టారు, హెచ్చరిక ఏర్పాట్లు పెరిగాయి, ఖాళీ చేయమంటే ఖాళీ చేయడం జనానికి అలవాటైంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఛిన్నాభిన్నం చేసినా మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 తుఫానుకు లక్షలమంది చనిపోయారు. ఆ తర్వాత ఊరూరా కార్యకర్తలను తయారు చేసుకున్నారు. జెండాలు, చేతి మైకులు పట్టుకుని సైకిళ్ళ మీద ఇల్లిల్లూ తిరిగి చెప్పే మనుషులు వాళ్ళు. 2020లో అంఫాన్ వచ్చినప్పుడు అక్కడ మృతులు పదుల్లోనే ఉన్నారు. ఉపగ్రహాలు చెప్పిన మాటను చివరి ఇంటి గడపదాకా మోసింది ఆ మనుషులే.

మన వాగులకు అలాంటి మనుషులు కావాలి. నిజానికి ఒకప్పుడు ఉన్నారు. చెరువుకు నీరటి ఉండేవాడు. రాత్రి వాన పడుతుంటే గొంగడి కప్పుకుని కట్ట మీదికి వెళ్ళి, ఎక్కడైనా బుంగ పడిందా, మత్తడి ఎంత దూకుతోంది చూసి ఊళ్ళో చెప్పేవాడు. అతనికి ఊరు గింజలు కొలిచి ఇచ్చేది. ఇప్పుడు ఆ పనికి ప్రతి వాగు పొడవునా ఎగువ ఊరికి ఒకరు, దిగువ ఊరికి ఒకరు చొప్పున జీతమిచ్చి పెట్టడం ఏ జిల్లాకూ మోయలేని భారం కాదు. ఎగువ ఊరి వంతెన స్తంభం మీద అడుగుల గీతలు గీసి, నీళ్ళు ఫలానా గీత దాటితే దిగువ ఊరికి ఫోన్ చేయాలి. ఫోన్ కలవకపోతే గుడి మైకు, మసీదు మైకు, డప్పు. టవర్లు పడిపోయిన రాత్రి కూడా బ్యాటరీ రేడియో పలుకుతుంది. ఆదిలాబాద్ రేడియో కేంద్రం నుంచి గోండీలో కార్యక్రమాలు వస్తున్నాయి కాబట్టి గూడేలకు గోండీలో, కొలామీలో, తండాలకు లంబాడీలో, సరిహద్దు ఊళ్ళకు మరాఠీలో హెచ్చరిక చెప్పడం సాధ్యమే. ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్ అంటే గూడెంలో అవ్వకు ఏం తెలుస్తుంది? ఈ రాత్రి వాగు గుడిమెట్లదాకా వస్తుంది, పొద్దుగూకకముందే బడి దగ్గరికి పోండి అని చెప్తే తెలుస్తుంది.

వాగుల్లో పోయే ప్రాణాల్లో చాలావరకు ఇళ్ళలో పోవడం లేదు, లోలెవల్ వంతెనల మీద పోతున్నాయి. అవతలి ఊళ్ళో పనుంటుంది, బండి ఉంటుంది, నీళ్ళు మోకాలి కిందే కనిపిస్తాయి. వేగంగా పారే నీరు జానెడు లోతున్నా నిలబడ్డ మనిషిని పడేయగలదు. అడుగు లోతుకు చిన్న కారు తేలుతుంది, రెండడుగులకు పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. ఆ నీటి కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనిపించదు. 2022 జూలైలో దహెగాం మండలంలో చిక్కుకున్నవాళ్ళను తీసుకురావడానికి వెళ్ళిన సింగరేణి రెస్క్యూ దళం సభ్యులు ఇద్దరు పెద్దవాగులో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. బొగ్గుగనుల్లో ప్రమాదాలప్పుడు దిగేందుకు శిక్షణ పొందినవాళ్ళు వాళ్ళు. అంతటివాళ్ళనే తీసుకుపోయిన నీటిలోకి మోటారుసైకిల్ దింపకండి. అవతలి గూడెంలో నెలలు నిండిన గర్భిణి ఉంటే, ముసురు పట్టకముందే ఇవతలి ఊళ్ళో చుట్టాల ఇంటికో, ఆస్పత్రికో చేర్చండి. ఆశా కార్యకర్త దగ్గర ఆ పేర్లు ఎలాగూ ఉంటాయి. వాగు అవతల ఉన్న పేర్ల కింద గీత గీసి పెట్టుకుంటే చాలు.

వానాకాలం మొదలయ్యేలోపు మీ గ్రామసభలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మన ఎగువన ఉన్న చెరువు మత్తడి ముందు కంప కొట్టారా? కట్టకు బుంగలున్నాయా? ప్రాజెక్టు కింద ఊరైతే, ఈ ఏడాది ప్రతి గేటూ ఎత్తి చూశారా, ఎవరు చూశారు, ఏ రోజు? మునిగితే మనం వెళ్ళే బడి వరద గీతకు పైన ఉందా? ఆ బడి తాళం రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది? ఈ జవాబులు పంచాయతీ గోడ మీద రాయించండి. జిల్లా కంట్రోల్ రూం ఫోన్ నంబరు 1077 కూడా వాటి పక్కనే రాయించండి. భూమి కాగితాలు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి పైన పెట్టుకోండి. విత్తనాల బస్తా అటక మీదికెక్కించండి. హెచ్చరిక వచ్చిన సాయంత్రం, మీరు ఇల్లు వదిలేముందు, కొట్టంలోకి వెళ్ళి పశువుల పలుపులు విప్పండి. కట్టు లేని గొడ్డు ఈదుకుంటూ మెరకకు చేరుతుంది.